మెరకా, కబురూ: దిగువ కృష్ణలో ఉప్పెనల చరిత్ర

1864 నవంబరు 1 రాత్రి బందరును ఉప్పెన ముంచింది. దీపావళి అమావాస్య వెళ్లి రెండు రోజులైంది. చనిపోయినవారు 30 వేల మంది అని నాటి అంచనా. 1977 నవంబరు 19 సాయంత్రం దివిసీమను ఉప్పెన ముంచింది. కార్తీక శుద్ధ అష్టమి దాటి నవమి నడుస్తోంది. సర్కారు లెక్క ప్రకారం చూసినా పది వేలకు తక్కువ కాదు. 1990 మే 9న ఇదే తీరాన్ని దాదాపు అంతే బలమున్న తుపాను తాకింది. ఆ రోజు వైశాఖ పౌర్ణమి. రాష్ట్రం మొత్తం మీద పోయిన ప్రాణాలు దాదాపు వెయ్యి.

తిథులు చెప్పడానికి కారణం ఉంది. అమావాస్యకూ పున్నమికీ పోటు ఎక్కువగా ఉంటుందనీ, అష్టమీ నవములకు తగ్గుతుందనీ సముద్రం మీద బతికేవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. తుపాను తోసుకొచ్చే నీరు ఆ పూట ఉన్న పోటు మీద ఎక్కి వస్తుంది. పోటు ఒక్కటే చూస్తే ఈ మూడింటిలో 1977 నాటిదే తేలికగా పోవాలి, 1990 నాటిది గట్టిగా తగలాలి. ఆ రెండింటి విషయంలో జరిగింది అందుకు వ్యతిరేకం. గాలి వేగం, నీటి ఎత్తు తెలిసినంత మాత్రాన దిగువ కృష్ణలో చావుల లెక్క అర్థం కాదు. ఆ రోజు ఎవరి ఇల్లు మెరక మీద ఉంది, ఎవరిది పల్లంలో ఉంది, కబురు ఎవరి దాకా చేరింది, ఎవరిని చేరకుండా ఆగిపోయింది అన్నది చూస్తేనే లెక్క తేలుతుంది. నూట అరవై ఏళ్ల చరిత్రను ఆ రెండింటి వెంట నడిచి చూడాలన్నదే ఈ వ్యాసం ప్రయత్నం.

ముందు నేల సంగతి. విజయవాడ దగ్గర కొండల మధ్య నుంచి బయటపడిన కృష్ణకు ఇక అడ్డం లేదు. పులిగడ్డ దగ్గర రెండు పాయలవుతుంది. ఆ పాయలకూ సముద్రానికీ మధ్య చిక్కిన నేలే దివిసీమ: అవనిగడ్డ, మోపిదేవి, నాగాయలంక, కోడూరు. ఈ డెల్టా అంతా నది తెచ్చిన ఒండ్రు మట్టితో సముద్రాన్ని పూడ్చి సంపాదించుకున్నది. క్రీస్తు శకం తొలి శతాబ్దాల్లో రేవుగా పేరున్న ఘంటసాల ఇవాళ తీరానికి చాలా లోపల, వరి చేల నడుమ ఉంది. సముద్రం వెనక్కి జరిగిన ప్రతిసారీ ఒక ఇసుక మెరక వదిలి వెళ్లింది. పాత ఊళ్లు చాలావరకు ఆ మెరకలు చూసుకుని వెలిశాయి. తీరానికి దగ్గరయ్యే కొద్దీ నేల వయసు తగ్గుతుంది, ఎత్తు కూడా తగ్గుతుంది. చివరి మైళ్లలో సముద్ర మట్టానికి ఒకటి రెండు మీటర్ల ఎత్తున చౌడు నేలలు, ఉప్పు పర్రలు, మడ అడవులు, మధ్యలో సముద్రపు కయ్యలు.

సముద్రం అడుగు కూడా అలాంటిదే. బందరు నుంచి నిజాంపట్నం దాకా తీరం వంపు తిరిగి ఉంటుంది, చాలా దూరం దాకా లోతు ఉండదు. ఓడలు మైళ్ల దూరాన లంగరు వేసుకుంటే సరుకు పడవల మీద ఒడ్డుకు చేరాల్సి వచ్చేది. బందరు రేవును చివరికి దెబ్బతీసింది ఈ లోతులేని తనమే. ఉప్పెనను పెంచి పోషించేదీ అదే. లోతైన చోట తుపాను గాలి తోసిన నీరు కిందికి దిగి వెనక్కి మళ్లగలదు. లోతులేని చోట అలా దిగే దారి లేక పైకి లేచి నేల మీదికి నడుస్తుంది. ఉత్తరార్ధగోళంలో తుపాను సుడి ఎడమ వైపుకు తిరుగుతుంది గనుక అది వచ్చే దారికి కుడి పక్కన గాలి సముద్రం మీది నుంచి నేల మీదికి వీస్తుంది. బంగాళాఖాతంలో పుట్టి చీరాల, బాపట్ల వైపు తీరం దాటే తుపానుకు కుడి పక్కన ఉండేది దివిసీమే. దాని కష్టాల్లో సగం ఈ భూగోళంలోనే ఉంది. మిగతా సగం మనుషుల ఏర్పాటు.

గోలకొండ రాజ్యానికి రేవుగా బందరు వెలిగిన కాలంలో డచ్చివారు, ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు వరసగా వచ్చి కొట్లు పెట్టుకున్నారు. 1611లో ఇంగ్లీషు కంపెనీ అడుగుపెట్టింది. అప్పటి నుంచే ఇక్కడి గాలివానలు కాగితం మీదికి ఎక్కడం మొదలైంది. 1679 నాటి ఉప్పెన వేల మందిని పొట్టన పెట్టుకుందని కంపెనీ కాలపు రాతల వల్లే తెలుస్తోంది. అంతకు ముందు రాలేదని కాదు, రాసుకున్నవాళ్లు లేరు.

పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఈ సీమకు సముద్రం కన్నా ఎక్కువ భయం వాన లేకపోవడం. 1832-33 నాటి నందన కరువులో గుంటూరు ప్రాంతంలో దాదాపు రెండు లక్షల మంది పోయారన్నది తరచుగా వినిపించే లెక్క. కృష్ణ నిండా పారుతూ సముద్రంలో కలుస్తుంటే ఒడ్డున జనం ఆకలితో చచ్చిపోయారు. ఆ కరువే ఆనకట్టకు దారి తీసింది. గోదావరి మీద ధవళేశ్వరం పని పూర్తవుతున్న రోజుల్లో, ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో, కెప్టెన్ చార్లెస్ ఓర్ చేతి మీదుగా విజయవాడ దగ్గర ఆనకట్ట లేచింది. 1855 నాటికి పని అయింది. కాలువలు కిందికి దిగాయి, పల్లపు నేలలకు విలువ వచ్చింది, జనం వచ్చారు. తొమ్మిదేళ్లు తిరిగేసరికి సముద్రం వచ్చింది.

1864 నవంబరు 1న పగలంతా గాలి పెరుగుతూ ఉంది. అలాంటి గాలి ఆ ఊరికి కొత్త కాదు. ఇంకో గాలివాన అనుకుని తలుపులు బిగించుకుని ఉండిపోయిన ఊరు అది. చీకటి పడ్డాక పోటు మట్టానికి పదమూడు అడుగుల పైన సముద్రం లేచి వచ్చింది. దొరల కోటకూ ఊరికీ మధ్య ఉన్న ఉప్పు బురద నేల అడ్డుపడలేదు సరికదా, నీటికి రాజమార్గమైంది. ఊళ్లో ఎటు చూసినా మేడలు కొన్ని, మట్టి గోడల మీద తాటాకు కప్పులు ఎన్నో. మేడ ఉన్నవాడు మేడెక్కాడు. మట్టి గోడ నీళ్లు తగిలిన కాసేపట్లో కరిగి కూలింది. క్రైస్తవ మిషనరీలు నడిపిన బాలికల వసతి పాఠశాలలో పిల్లలు ఆ రాత్రే కొట్టుకుపోయారు. తెల్లవారేసరికి మంచినీళ్ల చెరువులు, బావులు ఉప్పునీళ్లతో నిండి ఉన్నాయి. చుట్టూ శవాలు, తాగడానికి గుక్కెడు నీళ్లు లేవు. ఉప్పెన తర్వాతి వారాల్లో బతకడం ఉప్పెన పూట బతకడం కన్నా తేలికేమీ కాదని డెల్టా చరిత్ర పదే పదే చెబుతుంది.

మరుసటి ఏడాది దొరలు కోటలోని సైనిక స్థావరాన్ని ఎత్తేశారు. రేవు అప్పటికే నీరసించింది, ఆ రాత్రి తర్వాత మరి కోలుకోలేదు. 1859లో ఏర్పడిన కృష్ణా జిల్లాకు ముఖ్యపట్టణం కావడం ఒక్కటే బందరుకు మిగిలిన బలం.

ఆ ఏడాదికి ఇంకో సంగతి ఉంది. బందరు ఉప్పెనకు నెల రోజులైనా ముందు కాకుండా, అక్టోబరు 5న, కలకత్తాను ఇలాంటిదే ముంచి యాభై అరవై వేల మందిని చంపింది. ఒకే ఋతువులో రెండు రేవులు పోయేసరికి సర్కారు కదిలింది. కలకత్తా రేవుకు తుపాను సమాచారం ఇచ్చే ఏర్పాటు మొదలైంది. తర్వాత వచ్చిన కరువులు కూడా తోడై 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది. ఇవాళ టీవీలో వాయుగుండం ఎక్కడుందో చెప్పే శాఖ వంశవృక్షంలో 1864 చావులున్నాయి. అయితే ఆ హెచ్చరికలు మొదట్లో ఓడల కోసం, రేవుల కోసం. ఒడ్డున గుడిసెలో ఉన్న మనిషికి కబురు చేరడానికి ఇంకా వందేళ్లు పట్టింది, అది కూడా సగమే చేరింది.

ఆ వందేళ్లలో దిగువ కృష్ణ మారిపోయింది. కాలువ నీరు పులిగడ్డ అక్విడెక్టు మీదుగా పాయ దాటి దివిసీమలోకి వెళ్లింది. ఎగువ నేలలు చల్లపల్లి జమీందారీలోనూ, మోతుబరుల చేతుల్లోనూ ఉండేవి. దివి తాలూకాలో భూమి కోసం రైతు కూలీల పోరాటాలు ఎందుకంత గట్టిగా నడిచాయో ఆ భూముల పంపకం చూస్తే తెలుస్తుంది. నేల దొరకనివాళ్లు ఎక్కడికి పోతారు? పల్లానికే. వేట మీద బతికేవాళ్లు మొగల దగ్గర, కూలి జనం కాలువల చివర, పర్రల అంచున గుడిసెలు వేసుకున్నారు. దళిత పేటలు, యానాదుల గుడిసెలు, పల్లెకారుల ఊళ్లు ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకుంటూ తీరం వెంట నడిస్తే పల్లం ఎక్కడుందో కొలత పట్టకుండానే చెప్పవచ్చు. నీరు పల్లమెరుగును. పేదరికం కూడా.

1952లో వరదకు పాత ఆనకట్ట గండి పడింది. దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ 1957 నాటికి వచ్చింది. 1964 వరదల తర్వాత డెల్టా మురుగు సమస్య మీద మిత్రా కమిటీ కూర్చుంది. కాలువలు తవ్వినంత శ్రద్ధగా మురుగు కాలువలు తవ్వలేదన్నది రైతులకు ముందే తెలుసు, కమిటీ దాన్ని లెక్కలతో చెప్పింది. 1968లో మురుగు పనుల కోసం రైతుల మీద పన్ను వేస్తూ చట్టం కూడా వచ్చింది. 1969 మేలో ఒక తుపాను, నవంబరులో ఇంకొకటి రాష్ట్ర తీరాన్ని కొట్టాక, వాతావరణ శాఖ అధిపతి, తెలుగువాడు పంచేటి కోటేశ్వరం అధ్యక్షతన తుపాను నష్టాల నివారణకు కమిటీ వేశారు. దాని సిఫారసుల మీద 1974లో విశాఖలో తుపాను హెచ్చరిక కేంద్రం పని మొదలుపెట్టింది. అంటే 1977 నాటికి ఈ తీరానికి హెచ్చరిక యంత్రాంగం లేకపోలేదు. ఈ సంగతి మరిచిపోతే దివిసీమ విషాదాన్ని దైవం మీదికి తోసేసి ఊరుకుంటాం.

ఆ ఏడు నవంబరు 12న ఒక తుపాను నాగపట్నాన్ని తాకి తమిళనాట వందల మందిని చంపింది. వెంటనే ఆగ్నేయ బంగాళాఖాతంలో ఇంకొకటి తయారైంది. మొదట పడమటి దిక్కుగా నడిచి, తర్వాత ఉత్తరానికి మళ్లింది. దక్షిణాన ఎక్కడో దాటుతుందనుకున్నది కృష్ణా తీరం వైపు తిరిగింది. రేడియోలో హెచ్చరికలు వచ్చాయి. రేడియో ఉన్న ఇళ్లు వాటిని విన్నాయి. విన్నవాళ్లలోనూ చాలామందికి అది ఎప్పుడూ వినే మాటే. తుపాను వస్తుందని రేడియో చెప్పడం, నాలుగు చినుకులు పడి వెళ్లిపోవడం ఏటా చూస్తున్నదే. గాలి ఎంత ఉంటుందో చెప్పారు, సముద్రం ఎంత దూరం నడిచి వస్తుందో చెప్పినవాళ్లు లేరు. లేచి వెళ్లమంటే ఎక్కడికి వెళ్లాలి? ఎత్తయిన కట్టడం ఏదీ? మైళ్ల పొడవునా బళ్లు, బస్సులు లేని మట్టి దారులు. ఇంట్లో గేదె, చూరులో గింజలు, చేలో కోతకొచ్చిన పంట. అలాంటప్పుడు పల్లంలో ఉన్న మనిషి ఇల్లు వదలకపోవడాన్ని మూర్ఖత్వం అనడం అన్యాయం.

నవంబరు 19 శనివారం. పొద్దుటి నుంచి గాలి కొడుతూనే ఉంది. కరెంటు తీగలు, టెలిఫోను తీగలు మధ్యాహ్నానికే తెగిపోయాయి. సాయంత్రం నాలుగైదు గంటల మధ్య తుపాను చీరాల దగ్గర తీరం దాటుతుంటే, దానికి కుడి పక్కన ఉన్న దివిసీమ మీదికి ఐదు మీటర్ల ఎత్తున సముద్రం వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, గుల్లలమోద, హంసలదీవి, ఏటిమొగ, ఇంకా ఎన్నో ఊళ్లు దాని కిందికి వెళ్లాయి. కొన్నిచోట్ల పది పదిహేను కిలోమీటర్లు లోపలికి నడిచింది నీరు.

బతికినవాళ్లు చెప్పిన మాటల్లో కొన్ని వివరాలు ఊరు మారినా మారవు. మొదట నల్లటి గోడ లాంటిది కనిపించిందని, చప్పుడు ముందు వచ్చిందని అంటారు. ఇల్లు కూలగానే పైకప్పు తేలింది. తాటాకు కప్పు గట్టిగా కట్టి ఉంటే కాసేపు తెప్పలా మోసింది. గడ్డివాములు తేలుతూ పోయాయి. వాటి మీద మనుషులు, మనుషుల పక్కనే పాములు. తాడిచెట్టు దొరికినవాడు దాన్ని కావలించుకున్నాడు. చెట్టు మొరటు బెరడుకు గుండెలు, చేతులు చీరుకుపోయాయి. తుమ్మ చెట్లు చాలామందిని ఆపాయి. ముళ్లు ఒళ్లంతా దిగినా కొమ్మ వదలనివాళ్లు బతికారు. పసిపిల్లల్ని ఒక చేత్తో, కొమ్మను ఒక చేత్తో పట్టుకున్న తల్లులకు ఏదో ఒక క్షణంలో ఒక చేయి వదలాల్సి వచ్చింది. చనిపోయినవారిలో ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లే ఎక్కువ. నీరు తీశాక చూస్తే ముళ్లకంపల మీద, కరకట్టల వాలులో, కాలువల మలుపుల్లో శవాలు పేరుకుని ఉన్నాయి. పశువుల కళేబరాలు వాటితో కలిసిపోయాయి. ఎవరు ఎవరో పోల్చుకోవడానికి వీల్లేక గుంపులుగా పోగేసి కిరసనాయిలు పోసి కాల్చారు.

బయటి లోకానికి ఈ సంగతి అందడానికి రోజులు పట్టింది. తీగలు లేవు, దారులు లేవు. జలగం వెంగళరావు ప్రభుత్వం మొదట చెప్పిన మృతుల సంఖ్య చాలా చిన్నది, అది రోజు రోజుకూ పెరుగుతూ పోయింది. పది వేలు అన్న లెక్క ఒకటి, పద్నాలుగు వేల పైచిలుకు అన్నది ఇంకొకటి, అంతకు ఎన్నో రెట్లు అన్నవి అనధికారికంగా ఇంకా కొన్ని. ఈ తేడాకు కారణం అధికారుల అలసత్వం ఒక్కటే కాదు. అది వరి కోతల కాలం. కోతలకు వేరే ఊళ్ల నుంచి కూలి జనం దిగారు. వేటకు వచ్చి మొగల దగ్గర తాత్కాలికంగా పాకలు వేసుకున్నవాళ్లూ ఉన్నారు. ఊరి కరణం దగ్గర వాళ్ల పేర్లు లేవు. ఇంటిల్లిపాదీ పోయిన చోట ఫలానావాడు కనబడలేదని చెప్పేవాళ్లు కూడా మిగల్లేదు. 1977 మృతుల సంఖ్య ఇవాళ్టికీ తేలకపోవడానికి అసలు కారణం, బతికి ఉండగానే వాళ్లను ఎవరూ లెక్కపెట్టకపోవడం.

సాయం మాత్రం వెల్లువలా వచ్చిందన్న మాట నిజం. అవనిగడ్డ శాసనసభ్యుడు, అప్పట్లో మంత్రిగా ఉన్న మండలి వెంకటకృష్ణారావు ఆ బురదలోనే తిరుగుతూ శవాల దహనం నుంచి ఇళ్ల కట్టడం దాకా దగ్గరుండి చూశారు. దివిసీమ ఆయన్ను ఆ పనితోనే గుర్తు పెట్టుకుంది. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి ఊరూరా విరాళాలు పోగు చేశారు. మదర్ థెరిసా వచ్చారు. విజయవాడ నాస్తిక కేంద్రం, రామకృష్ణ మిషన్, ఆరెస్సెస్, క్రైస్తవ సంస్థలు, విద్యార్థులు పక్కపక్కనే పనిచేశారు. గాలివానకు తట్టుకునే పక్కా ఇళ్లు, ఎత్తయిన తుపాను షెల్టర్లు మొదటిసారి ఈ తీరం మీద లేచాయి. సరుగుడు తోటలు గాలి అడ్డం కోసం పెంచారు.

ఆ సాయం ఎవరికి ఎంత ఉపయోగపడిందన్నది వేరే ప్రశ్న. పీటర్ వించెస్టర్ అనే పరిశోధకుడు ఇక్కడి ఊళ్లను ఏళ్ల తరబడి గమనించి, 1992లో 'పవర్, ఛాయిస్ అండ్ వల్నరబిలిటీ' అన్న పుస్తకం వెలువరించాడు. ఒకే నీటిలో మునిగిన కుటుంబాలు ఒకే తీరుగా కోలుకోలేదన్నది అతని పరిశీలన సారం. నేల, ఎడ్లు, అప్పు పుట్టే పరపతి ఉన్న ఇల్లు రెండు మూడు పంటల్లో నిలదొక్కుకుంది. కూలి మీద బతికే ఇల్లు, చేలు చౌడెక్కి పనులు లేక, ఇంకా కిందికి జారింది. సిమెంటు ఇల్లు ఇచ్చినంత మాత్రాన ఆ జారుడు ఆగలేదు. ఆ పుస్తకం తెలుగులో ఇంతగా చదవాల్సిన అవసరం ఉండి ఇంత తక్కువగా చర్చకు రావడం మన లోటు.

ఉప్పునీరు తీశాక నేల ఏమవుతుందో కూడా చెప్పుకోవాలి. ఎండ తగిలేకొద్దీ చేలో తెల్లటి పొర కడుతుంది. దాన్ని మంచినీళ్లతో నిలవగట్టి, మళ్లీ తీసేసి, మళ్లీ నిలవగట్టాలి. వానలు బాగా పడి, కాలువ చివరిదాకా నీరొచ్చి, ఆ నీరు బయటికి పోయే మురుగు దారి బాగుంటేనే ఉప్పు కడుక్కుపోతుంది. కాలువకు మొదట్లో ఉన్న చేనుకు ఈ మూడూ ముందు దొరుకుతాయి. శివారు చేనుకు చివర్న.

ఇప్పుడు 1990. మే 6, 7 తేదీల నాటికే తుపాను తీవ్రత ఎంతో తెలిసింది. ఈ పదమూడేళ్లలో జరిగిన మార్పు ఏమిటి? ఇన్సాట్ ఉపగ్రహం వచ్చింది. 1980ల నడుమ నుంచి తీర ప్రాంతాల్లో ఉపగ్రహం ద్వారా నేరుగా హెచ్చరిక వినిపించే యంత్రాలు పెట్టారు. తీగలు తెగినా అవి మోగుతాయి. బందరులో తుపానులను పసిగట్టే రాడారు వచ్చింది. షెల్టర్లు కట్టి ఉన్నాయి. వీటన్నిటికీ మించి, 1977 చూసిన జనం బతికి ఉన్నారు. ఖాళీ చేయమని అధికారి చెప్పినప్పుడు ఆ తరం వాదించలేదు. మర్రి చెన్నారెడ్డి ప్రభుత్వం లక్షల మందిని తీరం నుంచి తరలించింది. పున్నమి పోటు మీద నాలుగైదు మీటర్ల ఉప్పెన వచ్చింది. లక్షల ఇళ్లు కూలాయి, పశువులు పోయాయి, పంటలు, తోటలు నేలమట్టమయ్యాయి. మనుషులు మాత్రం చాలావరకు బతికారు. సముద్రం ఏమీ తగ్గలేదు. కబురు వెళ్లింది, వెళ్లడానికి మెరక ఉంది.

అది ఈ సీమ సాధించిన విజయం, దాన్ని తక్కువ చేసి చెప్పకూడదు. కానీ ఆ విజయం వేగంగా వచ్చే నీటి మీద. మెల్లగా వచ్చి కదలకుండా కూర్చునే నీటి మీద కాదు. అందుకు గుడివాడ వైపు వెళ్లాలి.

గుడివాడ తీరానికి దూరం. ఉప్పెన భయం తక్కువ. దాని ఉత్తరానా, తూర్పునా నందివాడ, ముదినేపల్లి, మండవల్లి మీదుగా నేల కొల్లేటికి వాలుతుంది. బుడమేరు తెచ్చే నీరు ఆ దారినే కొల్లేట్లో కలవాలి. కొల్లేటి నీరు సముద్రానికి పోవడానికి ఉన్నది ఒక్క ఉప్పుటేరు. ఉప్పుటేరు మొగలో పోటు ఉంటే నీరు కదలదు, వెనక్కి ఎక్కుతుంది. కొల్లేటి మడుగులో చేపల చెరువుల గట్లు లేచేకొద్దీ నీటికి చోటు తగ్గింది. 1999లో ప్రభుత్వం అయిదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది, 2005-06లో గట్లు తెగగొట్టింది. అయితే ఆ గట్ల మీద బతుకు కట్టుకున్నవాళ్లు, వాటి వల్ల మునిగేవాళ్లు ఒకే మండలాల జనం. అందుకే ఆ తగవు తెగలేదు.

2024 సెప్టెంబరు 1న బుడమేరుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ మునిగిన దృశ్యాలు దేశమంతా చూసింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు వెళ్లాయి. 2009 అక్టోబరు నాటి 11.10 లక్షల రికార్డు దాటిపోయింది. ఆ నీరు కింద లంక గ్రామాలను ముంచుతూ దివిసీమ దాకా నడిచింది. బుడమేరు నీరు నందివాడ చేలల్లోకి వచ్చి నిలిచింది. నగరం నీళ్లు తీశాక కెమెరాలు వెళ్లిపోయాయి. పల్లపు చేలల్లో సార్వా నాట్లు నీటి కింద కుళ్లుతూనే ఉన్నాయి.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర దాటినప్పుడు సంగతి ఇంకోలా జరిగింది. అప్పటికి కోతలయ్యాయి. కోసిన వరి పనల మీదే ఉంది. మూడు రోజుల పాటు పన నీళ్లలో ఉంటే ఏమవుతుందో చేతిలోకి తీసుకుని చూస్తే తెలుస్తుంది. కంకి బరువుగా, నల్లబడి ఉంటుంది. వేళ్లతో విడదీస్తే గింజ గింజకూ తెల్లటి మొలక. ఎండబెట్టి, నూర్చి, కొనుగోలు కేంద్రానికి తీసుకెళితే తేమ 17 శాతం మించకూడదన్న నిబంధన ఎదురవుతుంది. తేమ తగ్గించుకొచ్చినా, రంగు మారిన ధాన్యం అన్న మాట దగ్గర ధర ఆగిపోతుంది. ఇంతా చేస్తే, చాలాచోట్ల ఆ చేను సాగు చేసినవాడిది కాదు. కృష్ణా డెల్టాలో సాగు చేసేవాళ్లలో పెద్ద భాగం కౌలు రైతులు. పెట్టుబడి వాళ్లది, కౌలు ముందే ముట్టజెప్పింది వాళ్లు. సాగుదారుగా హక్కు పత్రం కావాలంటే 2019 చట్టం ప్రకారం యజమాని ఒప్పుకోలు ఉండాలి. ఆ సంతకం పెట్టడానికి భయపడే యజమానులే ఎక్కువ. నష్టపరిహారం జాబితా వచ్చేసరికి పేరు పట్టాదారుది, అప్పు కౌలుదారుది. 1977లో చచ్చిపోయిన కూలివాడి పేరు కరణం పుస్తకంలో లేకపోవడానికీ, ఇవాళ కౌలుదారు పేరు నష్టాల జాబితాలో లేకపోవడానికీ మధ్య నాకు పెద్ద తేడా కనిపించదు.

ఇంతలో నేల కూడా మారుతోంది. ఘంటసాలను సముద్రం నుంచి అంత దూరం చేసిన ఒండ్రు ఇప్పుడు డెల్టా దాకా రావడం లేదు. నాగార్జునసాగర్, శ్రీశైలం, ఆల్మట్టి వెనక ఆగిపోతోంది. 2009లో ప్రపంచంలోని డెల్టాల మీద వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనం, ఒండ్రు ఆగిపోయి సముద్రం ముందు కుంగిపోతున్నవాటిలో నైలు, యాంగ్‌ట్సీలతో పాటు కృష్ణను చేర్చింది. మొగల దగ్గర నాచుగుంట, ఎదురుమొండి దీవుల అంచులు కోసుకుపోతున్నాయి. ఎదురుమొండి జనం ఏటిమొగ రేవుకు పంటు మీద రావాలి. గాలి లేస్తే ముందు ఆగేది పంటే. అంటే 1977 నాటి ఎత్తు ఉప్పెనే మళ్లీ వచ్చినా, ఈసారి అది ఎక్కే నేల అప్పటికన్నా పల్లంగా ఉంటుంది.

ఆ పల్లంలో ఇప్పుడు ఉన్నది ఎవరు? నాగాయలంక, కోడూరు, బంటుమిల్లి, కృత్తివెన్ను మండలాల్లో పర్రలు రొయ్యల చెరువులయ్యాయి. చెరువు గట్టు మీద ఒక రేకుల షెడ్డు, దాని ముందు మేత బస్తాలు, ఏరేటర్లకు కరెంటు మోటారు. రాత్రీ పగలూ కాపలాకు ఒక కుటుంబం అక్కడే ఉంటుంది. చాలాచోట్ల ఆ కుటుంబం ఆ ఊరిది కాదు. శ్రీకాకుళం నుంచో, ఒడిశా నుంచో పంట కాలానికి వచ్చి, పంట ముగిస్తే ఇంకో చెరువుకు మారుతుంది. వాళ్ల రేషను కార్డు ఇక్కడ లేదు, ఓటు ఇక్కడ లేదు. గ్రామ సచివాలయం దగ్గర తుపాను షెల్టరుకు తరలించాల్సిన ఇళ్ల జాబితా ఉంటుంది. అది ఇళ్ల జాబితా, గట్ల జాబితా కాదు. ఫోనుకు హెచ్చరిక వస్తుంది, తెలుగులో వస్తుంది. యజమాని ఊళ్లో ఉండి, రొయ్య పట్టుబడికి సిద్ధంగా ఉన్న వేళ కాపలావాడు గట్టు వదిలి వెళ్లగలడా అన్నది కూడా ఆలోచించాలి.

ఏటా అక్టోబరు దాటకముందే తీర మండలాల్లో చెరువు గట్ల మీద, వేట పాకల్లో, ఇటుక బట్టీల దగ్గర పడుకుంటున్నవాళ్ల పేర్లు గట్టు గట్టుకూ తిరిగి రాయడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. చెరువులకు అనుమతులిచ్చే మత్స్యశాఖ దగ్గర గట్ల లెక్క ఉంది, ఊళ్లో సచివాలయం సిబ్బంది ఉన్నారు. ఏ షెడ్డులో ఎందరున్నారు, వాళ్లకు ఏ భాష వచ్చు, దగ్గర్లో ఉన్న షెల్టరు ఏది, అక్కడికి చేర్చే బాధ్యత ఏ చెరువు యజమానిది అన్నవి ఆ జాబితాలో ఉండాలి. చెరువు అనుమతికి దాన్ని షరతుగా పెట్టాలి.